మునిస్వామి కుర్చీ

ఇడ్లీలు అందరికీ వచ్చాయి, కుర్చీలే అందరికీ రాలేదు. మదనపల్లె బస్టాండుకు దగ్గర్లో ఓ హోటలు మేడమీది హాలు. గురువారం పొద్దున ఏడుంబావు. ముప్పైమంది వ్యాపారస్తులు కూర్చుని తింటూ ఉంటే, ఫొటోస్టూడియో మణికంఠ ఒక్కడు గోడవారన నిలబడి ఎడమచేత్తో ప్లేటు పట్టుకుని తింటున్నాడు. సాంబారు ప్లేటు అంచుదాకా వచ్చి ఆగింది. అతని నవ్వు కూడా పెదవుల అంచుదాకా వచ్చి ఆగింది.

"ఆయన యాల నిలబడి తింటాండాడు?" అని ప్రమీల పక్కనున్నావిడను మెల్లగా అడిగింది.

పక్కనున్నావిడ ఆదిలక్ష్మమ్మ. తొమ్మిదివందల మంది పిల్లలున్న ప్రైవేటు బడి ఆమెది. పుంగనూరులో యూనిఫాంలు కుట్టే ప్రమీల తొలి బస్సెక్కి ఇంతదూరం వచ్చింది ఆమె పక్కన కూర్చోవడానికే. తొమ్మిదివందల మంది పిల్లలంటే పద్దెనిమిదివందల చొక్కాలు.

"చీటీ తేలేదు గదమ్మా" అంది ఆదిలక్ష్మమ్మ, వడ తుంచుకుంటూ. "ఈడ వారానికొక చీటీ ఎయ్యాల. పలానా వాళ్లింట్లో పలానా పనుండాది, మన మెంబరు పోయి కలుసుకోవచ్చు అని. ఒకరికి పని చూపించనోడు నిలబడి తినాల. మా రూలు."

సంఘం పేరు ఉదయబంధు. ఉదయం బంధువులు, ఎండెక్కితే ఆ బంధుత్వం బందు. అక్కడ ఒక వృత్తికి ఒక్కటే కుర్చీ. సిమెంటుకొకటి, మందులషాపుకొకటి, టెంటుసామాన్లకొకటి. కుర్చీ వీపున మనిషి పేరు, పని పేరు అంటించి ఉంటాయి. కుర్చీ ఉన్నవాడికే ముప్పైమంది చీటీలు రాస్తారు. ప్రమీల లాంటి అతిథులకు పక్కన ప్లాస్టిక్ స్టూళ్లు వేశారు. అదీ రెండు వారాలే.

ఎదుటి వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. 'మునిస్వామి, యూనిఫాంలు' అని దాని వీపున రాసుంది. మనిషి లేకపోయినా ముందర ప్లేటు పెట్టారు. ఇడ్లీల మీది ఆవిరి కాసేపు మునిస్వామి కోసం చూసి, వెళ్లిపోయింది.

అందరూ చేతులు కడుక్కున్నాక ప్రెసిడెంటు భీమరావు ప్రమీల దగ్గరికి వచ్చాడు. ఆయనది ఇన్వర్టర్ బ్యాటరీల వ్యాపారం. ఊళ్లో కరెంటు పోయినప్పుడు ముందుగా వెలిగేది ఆయన మొహం. చెయ్యి తుడుచుకుంటూ ఆ ఖాళీ కుర్చీ వైపు గడ్డం ఊపాడు.

"రెండు వారాలాయె ముసలాయన రాక. మూడో గురువారం గూడా రాకుంటే కుర్చీ పడిపోతాది, ఇంకొకరికి పోతాది. ఏడింటికి తలుపేస్తాం, అంతే. నీ అప్లికేషన్ రాసి పెట్టుకోమ్మా."

"సరే సార్."

"అంతవరకు అలవాటు చేసుకో. రోజూ పొద్దున పదిమందికి ఫోన్ చెయ్యి. ఏమీ అడగొద్దు. బాగుండారా, ఇంట్లో బాగుండారా, అంతే. వాళ్లు చెప్పింది నోటుబుక్కులో రాసుకో. పనుండి చేసిన ఫోను పనిచెయ్యదు, పనిలేకుండా చేసిన ఫోనే పనికొస్తాది."

ప్రమీల తలూపింది. మెట్లు దిగేలోపు ఇరవైమందికి కార్డులు ఇచ్చింది. తన చిరునామా ఇచ్చి వాళ్ల చిరునవ్వు తీసుకుంది. చిరుగు ఎవరికి మిగులుతుందో ఇంకా తెలియలేదు.

మర్నాడు పొద్దున ఆరున్నరకు పుంగనూరులోని తన కుట్టుగదిలో ప్రమీల ఎనిమిది పొరల బట్ట పరిచి, మూలలకు ఇస్త్రీపెట్టె, రెండు తూకపురాళ్లు బరువు పెట్టి, చాక్‌పీసుతో గీత గీస్తూ ఫోన్లు మొదలుపెట్టింది. గదిలో మూడు మిషన్లు. కిటికీ దగ్గరి మిషను కాలు పొట్టి కాబట్టి తొక్కినప్పుడల్లా గదంతా గజగజమంటుంది. కాజాలు, గుండీలు చాంద్ బీ పని. అరవై దాటిన మనిషి, అద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది, అదుపు లేకుండా మాట వదిలేస్తుంది.

"పొద్దున్నే కోడి మాదిరి కూస్తాండావు, ఎవురు లేస్తారని?"

"పరిచయాలు చాందక్కా. నెట్‌వర్కు."

"నీ ఫోనుకే రెండు పుల్లలుండాయి నెట్‌వర్కు."

ఇద్దరు ఎత్తలేదు. ఒకరు ఎత్తి, తర్వాత చేస్తానని పెట్టేశారు. ఆదిలక్ష్మమ్మ బొటనవేలి బొమ్మ పంపింది. సిమెంటాయన ఎవరో అనుకుని రెండు మూటలు దించమన్నాడు. పదో నంబరు మునిస్వామిది. నోటుబుక్కులో ఆ పేరు కింద ప్రమీల ముందే రెండు గీతలు గీసుకుంది. ఆయన నుంచి ఆమెకు తెలియాల్సింది ఒక్కటే, వచ్చే గురువారం వస్తాడా, రాడా.

మొదటి రింగు సగంలోనే ఎత్తాడు.

"ఎవురమ్మా?"

"పుంగనూరు ప్రమీలనప్పా. యూనిఫాంలు కుడతాను. నిన్న ఉదయబంధుకు పొయింటి. మీరు కనపడలేదే అని."



"నన్ను అడగాలని చేసినావా?" అన్నాడు మునిస్వామి.

"ఊరికే చేసినానప్పా. బాగుండారా అని."

బాగాలేడు. రెండు కిడ్నీలూ చెడ్డాయి. కుప్పంలో కూతురు రాణి ఇంట్లో ఉన్నాడు. అక్కడి ఆసుపత్రిలో వారానికి మూడుసార్లు రక్తం కడుగుతారు. ఇదివరకు సోమ, బుధ, శుక్రవారాలు. ఈ నెలనుంచి వంతు మార్చారు. మంగళ, గురు, శని.

"నాకు గురువారం వద్దు సార్ అంటి. వాళ్లు నవ్విరి. నలభై ఏండ్లు మిషను నా కాలికింద ఉండె, ఇప్పుడు మిషను పక్కన నేనుండా."

ప్రమీల చాక్‌పీసు పక్కన పెట్టి పెన్ను తీసుకుంది. 'మునిస్వామి. కుప్పం. కూతురు రాణి. అరటిపండు, కమలాపండు తినకూడదు. గురువారం మిషను' అని రాసుకుంది. చివరి రెండు మాటల కింద ఇంకో గీత గీసింది.

ఫోన్ పెట్టేశాక ఎందుకో నవ్వొచ్చింది. చాంద్ బీ గుండీ దారం పంటితో తెంపి ఆమె వైపు చూసింది.

"ఏమమ్మా, ఎవురన్నా పని ఇచ్చినారా?"

"ఇంకా లేదు."

శనివారం చేసింది. ఆదివారం చేద్దామని ఫోన్ తీసేసరికి ఆయనే చేశాడు. నోటుబుక్కులోని తొమ్మిదిమంది ఇంకా బొటనవేళ్ల దగ్గరే ఆగిపోయి ఉండగా, పదో మనిషి పూర్తిగా వచ్చేశాడు. ఏ క్లాతు ఉతికితే ఎంత కుదించుకుపోతుందో, కాలరు లోపల ఎంత గట్టి గుడ్డ వెయ్యాలో చెప్పాడు. ఆఖర్న, "రేపు ఒక తూరి కుప్పం రాగలవా తల్లీ?" అన్నాడు.

చేతులూపుకుంటూ పోకూడదని భీమరావు చెప్పిన అలవాట్లలో ఉంది. ప్రమీల సోమవారం నాలుగు ఆపిళ్లు, తాను కుట్టిన ఒక చొక్కా సంచిలో పెట్టుకుని పలమనేరులో బస్సు మారి కుప్పం చేరింది. రైల్వేస్టేషన్ వెనక వీధిలో ఇల్లు. రాణి తలుపు తీసి, పేరు చెప్పకముందే పక్కకు జరిగింది.

"నువ్వేనా అక్కా. మా నాయన ఈ నాలుగు దినాలు ఆరున్నరకు ఫోను చేతిలో పెట్టుకోని కూర్చుంటాండాడు. అంతకుముందు ఆ టయానికి గోడ చూస్తాండె."

మునిస్వామి మంచం మీద దిండు కానుకుని ఉన్నాడు. మనిషికి తగినట్టు కత్తిరించకుండా వదిలేసిన చొక్కాలా ఒళ్లంతా వదులు. ఎడమచేతి మీద రెండు దూదిముక్కలు, వాటి మీద ప్లాస్టర్లు.

"సూసినావా. ఇన్నేండ్లు నేను కుడితి, ఇప్పుడు నన్ను కుడతాండారు. అదీ సరిగ్గా కుట్టలేదు."

ప్రమీల నవ్వింది. రాణి ఆయనకు చిన్న గ్లాసులో నీళ్లిచ్చింది. దినమంతటికీ ఇన్నే తాగాలని గ్లాసు మీద గీత గీసి ఉంది. ఆయన గీత దగ్గరికి రాకముందే ఆపి, మిగతావి ప్రమీల ఎదుట తాగడం సిగ్గన్నట్టు పక్కన పెట్టాడు.

"చొక్కా తెచ్చినావు గదా, ఇయ్యి."

చొక్కాను ముందుకు చూడలేదు. నేరుగా లోపలికి తిప్పాడు. భుజం కుట్టు మీద బొటనవేలు పోనిచ్చి, చంక దగ్గర రెండువైపులా పట్టి లాగి, కింద మడత విప్పి కొలిచాడు. వేళ్లు వణుకుతున్నాయి, బట్ట తగలగానే ఆ వణుకు ఆగింది.

"అంచు ఇంత మడత యాల వదిలినావు? బట్ట దండగ గదా."

"పిల్లోళ్లు పెరుగుతారు కదప్పా. విప్పి పొడుగు చేసుకుంటారని."

మునిస్వామి చొక్కాను మళ్లీ బయటికి తిప్పి, కాలరు పైకి వచ్చేట్టు మడిచి, దిండు పక్కన పెట్టుకున్నాడు. తిరిగి ఇవ్వలేదు.

"ముప్పైమంది ఉండారు ఉదయబంధులో. వాళ్ల పిల్లోళ్ల పుట్టినరోజులన్నీ నా బుక్కులో ఉండాయి. నేను పడుకున్నాక ఒక్కరు ఫోన్ చెయ్యలే. నువ్వు నన్ను చూడను గూడా చూడలే, చేసినావు."

ప్రమీల సంచి పట్టీని వేలికి చుట్టుకుంది.

"ఒక పని చేసిపెడతావా. గురువారం నా బదులు పోయి కుర్చీలో కూర్చో. బదులు మనిషి కూర్చుంటే కుర్చీ పడదు. అది కూడా రూలే." దిండుకింద నుంచి పిన్నులు కొట్టిన కవరు తీశాడు. "ఇది భీమరావు చేతికియ్యి. అందరి ముందర సదవమను."

"ఏముందప్పా లోపల?"

"సదివినప్పుడు ఇనుకో." గడ్డంకింద చిన్నగా నవ్వుకున్నాడు. "ఆ కుర్చీకి ఎనక కుడికాలు ఆడతాది. కాగితం మడిచి పెట్టుకో."

మంగళవారమంతా ఆ కవరు కత్తిరింపుల బల్ల మీదనే ఉంది. ప్రమీల దాన్ని బట్ట కింద పెట్టింది, బట్ట తీసినప్పుడల్లా కనిపించింది. బుధవారం సాయంత్రం చాంద్ బీ అడిగేసింది.

"పోతావా, లేదా?"

"పోయి కూర్చుంటే ఆయన కుర్చీ ఆయనకే ఉంటాది. ఈ కవర్లో గూడా అదే రాసుంటాడు, లీవు ఇయ్యండని. నాకేముంటాది?"

"ఇడ్లీ ఉంటాది."

"ఆదిలక్ష్మమ్మ మే ఒకటో తేదీకి ఎవురికో ఒకరికి చెప్పేస్తుంది చాందక్కా. అది రాకుంటే జూన్‌లో మనిద్దరం గార్మెంట్ కంపెనీ వ్యానెక్కాల. నిన్ను ఎక్కించుకోరు గూడా."

చాంద్ బీ గుండీకి దారం నాలుగు చుట్లు చుట్టి ముడేసింది.

"పోకుంటే?" అంది ప్రమీల.

చాంద్ బీ దారం తెంపింది. నోట్లో దారపు ముక్క ఉందన్నట్టు మొహం పక్కకు తిప్పుకుంది.

కుట్టుపని వచ్చినవాళ్లకు కుట్ర వేరే నేర్పాల్సిన పనిలేదు. ముందు వదులుగా టాకా వెయ్యాలి, కొలత సరిపోయిందనుకున్నాకే గట్టికుట్టు వెయ్యాలి. గురువారం ప్రమీల తొలిబస్సే ఎక్కింది. ఆరున్నరకు హోటలు ఎదుట టీ బంకు దగ్గర నిలబడి ఉండగా ఫోన్ మోగింది. వెనక ఆసుపత్రి మిషన్ల కూత వినిపిస్తోంది.

"యాడుండావు తల్లీ?"

"మదనపల్లెలో ఉండానప్పా. హోటలు ముందర."

"బంగారు తల్లివి. నాకు సూదులేస్తాండారు, పెట్టేస్తా."

అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. నిజాన్నే కావలసిన కొలతకు కత్తిరించింది. టీ తాగింది. ఒక్కొక్కరే వచ్చి మెట్లెక్కుతున్నారు. భీమరావు కారు దిగాడు. ఆదిలక్ష్మమ్మ కుచ్చిళ్లు పట్టుకుని ఎక్కింది. ప్రమీల బంకు స్తంభం చాటుకు జరిగి ఇంకో టీ చెప్పింది. ఏడుకు రెండు నిమిషాలుండగా మణికంఠ స్కూటరు స్టాండైనా సరిగ్గా వెయ్యకుండా పరుగెత్తుకొచ్చి, ఆమెను చూసి ఆగాడు.

"రామ్మా, తలుపేసేస్తారు. ఈ వారం నాకు చీటీ ఉండాది, కూర్చోని తింటా." జేబులోంచి తీసి చూపించాడు కూడా.

"మీరు పోండన్నా. నేను ఒకరికోసం చూస్తాండా."

అతను రెండేసి మెట్లు ఎక్కాడు. అతని వెనకే మేడమీద గ్రిల్ తలుపు లాగిన చప్పుడు, గొళ్లెం పడిన చప్పుడు కింది రోడ్డుదాకా వినిపించాయి. ప్రమీల రెండో టీ చల్లారేదాకా పట్టుకుని నిలబడి, తాగకుండానే గ్లాసు పెట్టేసింది.

పన్నెండింటికి మునిస్వామి చేశాడు. గొంతు ఉతికిన బట్టలా వెలిసిపోయి ఉంది.

"కూర్చున్నావా?"

"టీ తాగతా కిందనే ఉండిపోతినప్పా. తలుపేసేసినారు."



"పర్వాలేదులే. అంత పొద్దున లేసి పోతివి పాపం. అన్నం తిన్నావా?"

తిన్నానంది. ఇది మాత్రం కత్తిరించిన నిజం కాదు, నిఖార్సయిన అబద్ధం.

శనివారం భీమరావు షాపులో ఆసిడ్ వాసన ముక్కు కుట్టేస్తోంది. ఒకతను గరాటుతో బ్యాటరీల్లో నీళ్లు పోస్తున్నాడు. భీమరావు పక్కన స్టూలు మీద జుట్టుకు నూనె పెట్టిన ముప్పైఏళ్ల మనిషి కూర్చుని ఉన్నాడు. అతని చొక్కా జేబు మీద ఉదయబంధు బ్యాడ్జీ కొత్తగా మెరుస్తోంది. ప్రమీల అప్లికేషన్, ఫొటో, ఇంకో చొక్కా బల్ల మీద పెట్టింది. భీమరావు కాగితం పైనుంచి కిందిదాకా చదివి, మిగతా కాగితాల కింద పెట్టాడు.

"అజయ్. మా బామ్మర్ది. ఈడ రెడీమేడ్ యూనిఫాంల షాపు తెరస్తాండాడు. నిన్న కమిటీలో ఓకే అయిపోయినాది."

"నాకు చెప్పినారు గద సార్."

"చెప్పినా. అప్లికేషన్ పెట్టుకోమంటి, పెట్టుకున్నావు. కుర్చీ ఇస్తానని యాడ చెప్తిని?" ఆయన మర్యాదగానే అన్నాడు. ఆసిడ్ కూడా చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది. "నాకు గూడా బుధవారం నుంచి గుండె దడేనమ్మా. ముసలాయన ఫోన్ చేసినాడు. ఎవరో ఆడమనిషిని పంపిస్తాండా, చేతిలో కాగితముంటాది, నేను దిగిపోయి నా కుర్చీ ఆమెకే రాసిస్తాండా అన్నాడు. పాత మెంబరు. కుర్చీ పడకముందే ఆ కాగితం సదివితే మేమంతా చప్పట్లు కొట్టి కూర్చోబెట్టాల్సిందే, ఆదిలక్ష్మమ్మ ఆర్డరుతో సహా. పడినాక ఆ కాగితం పొట్లం కట్టుకోను గూడా పనికిరాదు. ఆమె ఎవురో గాని, రాలేదు."

"పుణ్యాత్మురాలు" అన్నాడు అజయ్.

ప్రమీల చెయ్యి సంచిలోనే ఉంది. కవరు అంచు వేళ్లకు తగులుతోంది. బయటికి తీస్తే ఆమె ఎవరో తెలిసిపోతుంది. తియ్యకపోతే ఎవరికీ తెలియదు. మెల్లగా చెయ్యి బయటికి తీసింది. ఖాళీ చెయ్యే వచ్చింది.

"నిన్ను వదిలేస్తామా ఏంది" అన్నాడు భీమరావు. ఉదయబంధు చీటీల పుస్తకం లాక్కుని రాయడం మొదలుపెట్టాడు. "అజయ్‌కి కుట్టేవాళ్లు కావాల. బట్ట ఆయన కత్తిరించి పంపిస్తాడు. పీసుకింత అని తీసుకో. మే ఆఖరుకల్లా ఆదిలక్ష్మమ్మ బడి చొక్కాలన్నీ అయిపోవాల." చీటీ చింపి ఒక సగం ప్రమీలకిచ్చి, రెండో సగం జేబులో పెట్టుకుని తట్టుకున్నాడు. "ఈ వారం నా చీటీ అయిపోయింది."

పుంగనూరు బస్సులో ఆమె పిన్నులు ఒక్కొక్కటే గోటితో లేపి కవరు తెరిచింది. వణికే అక్షరాలు, గీత తప్పని వరసలు. 'నా కుర్చీలో కూర్చున్న ఈ అమ్మాయి పేరు ప్రమీల. ఈమె పని నేను లోపలికి తిప్పి చూసినాను. లోపల కూడా బాగుంది.' తర్వాతి వరసలు చదవలేదు. ఎలా మడిచి ఉందో అలాగే మడిచింది.

సోమవారం తెల్లవారుజామునే కత్తిరించిన బట్టల మూటలు దిగాయి. మూటతోపాటు ఒక డబ్బా నిండా లేబుళ్లు. 'అజయ్ యూనిఫాంస్' అని నీలిదారంతో నేసినవి. చొక్కాకొకటి, కాలరు లోపల. మూటలోని ముక్కలు చూసి చాంద్ బీ మూతి విరిచింది.

"అంచుకు మడత యాడ వదిలినాడు? పిల్లోడు తుమ్మితే చొక్కా పొట్టిదైపోతాది."

"ఆయన బట్ట, ఆయనిష్టం. కుట్టు చాందక్కా."

ఆరున్నరకు ఫోన్ మోగింది. ప్రమీల మోగనిచ్చి, మోగనిచ్చి, ఎత్తింది.

"ఏం చేస్తాండావు తల్లీ? మిషను సద్దు వినపడతాంది."

"కుడతాండానప్పా. ఆదిలక్ష్మమ్మ బడి చొక్కాలు."

"నిజంగా?" ఆయన గొంతులోకి ఎక్కడినుంచో ఊపిరి వచ్చింది. "వచ్చిందా నీకు? నా కాగితం లేకుండానే వచ్చిందే. రాణీ, ఇంటాండావా, ప్రమీలమ్మకు వచ్చిందంట." అవతల రాణి ఏదో అంది. "నీ చేతి కుట్టు చూసి ఇచ్చుంటారు. నాకింగ దిగుల్లేదు. ఆ మడత మాత్రం మర్చిపోవద్దు. పిల్లోళ్లు పెరుగుతారు."

"మర్చిపోనప్పా."

"రేపు చేస్తావా?"

"చేస్తానప్పా."

ముప్పైమందిలో ఆయనకు ఫోన్ చేసేవాళ్లు ఇంకెవరూ లేరు. కాబట్టి నిజం చెప్పేవాళ్లూ లేరు. ప్రమీల ఫోన్ బోర్లా పెట్టి కిటికీ దగ్గరి మిషను తొక్కింది. లేబులు కాలరు మీద పెట్టి, నాలుగు మూలలా సూది దించింది. మిషను గజగజమంది. లేబులు వంకరపోయింది. కుట్టు విప్పి మళ్లీ పెట్టింది. మళ్లీ గజగజమంది.

"ఉండు, ఉండు" అంటూ చాంద్ బీ మోకాళ్లు పట్టుకుని లేచింది. బల్ల మీద చూసింది. చీటీ ఒకటి, దాని పక్కన పిన్నులు ఊడిన కవరు ఒకటి. ఆమెకు ఉర్దూ తప్ప చదవడం రాదు. కవరే మందంగా ఉందని దాన్ని తీసుకుని, సగానికి, మళ్లీ సగానికి మడిచి, వంగి పొట్టికాలి కింద దోపింది. రెండుచేతులా మిషను పట్టుకుని ఊపి చూసింది.

"ఇంగ ఆడదు" అంది.

ప్రమీల చూస్తూనే ఉంది. కొంతసేపటికి పాదం పెడలు మీద పెట్టింది. మిషను అంగుళం కదల్లేదు. లేబులు తిన్నగా పడింది.